మరచినవాడి అధికారం

వెబ్‌సైటు నిర్వాహకుడు పాస్‌వర్డు మరచి బయట నిలిచిపోయినప్పుడు అతడు పోగొట్టుకున్నది అధికారాన్నా, అధికారానికి రుజువునా అన్న ప్రశ్న సాంకేతికమైనదిగానే కనిపించినా, నిన్నటి మనిషే నేటి మనిషి అని దేన్నిబట్టి నిర్ణయించాలన్న పాత తాత్త్విక వివాదం దానిలో ఇమిడి ఉంది.

2003లో మొదలైన, సైట్లను నడిపే సాఫ్ట్‌వేరైన వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచుకోదు. దాని నుంచి గణించిన, మూలపదాన్ని తిరిగి రాబట్టడానికి వీలులేని అక్షరాల వరుసను, అంటే హ్యాష్‌ను మాత్రమే భద్రపరుస్తుంది కనుక, మరచిన పదాన్ని చెప్పగల శక్తి సైటుకే ఉండదు. నమోదైన ఈమెయిలుకు వచ్చే లింకు ద్వారా కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. ఆ ఈమెయిలు కూడా చేజారితే, సైటును నిలిపి ఉంచే సంస్థలోని హోస్టింగ్ ఖాతా నుంచి డేటాబేసును తెరిచి, వాడుకరుల పట్టికలో పాత హ్యాష్ స్థానంలో కొత్తదాన్ని ఉంచాలి.

గతాన్ని తనదిగా ఎరుకలోకి తెచ్చుకోగలిగినంత మేరకే మనిషి అదే వ్యక్తి అని తత్త్వవేత్త జాన్ లాక్ 1694లో తన గ్రంథపు రెండవ ముద్రణకు చేర్చిన అధ్యాయంలో వాదించాడు. లాగిన్ పుట అనుసరించేది ఇంచుమించు ఈ సిద్ధాంతాన్నే. కాని అసలు యజమాని మరచిపోవచ్చు, దొంగిలించినవాడికి గుర్తుండవచ్చు; అందుచేత ఈ కొలత చాలదు.

వ్యక్తి అనేది స్థిరవస్తువు కాదు, సంతానం, అనగా ఒకదాన్నుంచి మరొకటి పుట్టే క్షణాల ప్రవాహం అన్న బౌద్ధుల మాట సైటు రోజువారీ నడకకు మరింత దగ్గరగా ఉంటుంది. హెచ్‌టీటీపీ అనే సమాచార మార్పిడి నియమావళి ముందటి అభ్యర్థనను గుర్తుంచుకోదు. బ్రౌజరు ప్రతిసారీ పంపే కుకీ అనే చిన్న గుర్తింపు సమాచారమే విడివిడి అభ్యర్థనలను కలుపుతుంది. వర్డ్‌ప్రెస్ కుకీ తయారీలో హ్యాష్‌లోని ఒక భాగం కూడా పాల్గొంటుంది గనుక పాస్‌వర్డు మారగానే పాత కుకీలన్నీ చెల్లకుండా పోతాయి. ప్రవాహం తెగినా వాడుకరి సంఖ్య మాత్రం మారదు, అతడి రచనలన్నీ ఆ సంఖ్యకే చెంది ఉంటాయి. చూసినదాన్నే తాకుతున్నానన్న ప్రత్యభిజ్ఞ, అంటే మునుపటిది ఇదేనని పోల్చుకునే జ్ఞానం, స్థిరమైన ఆత్మ లేకుండా పొసగదన్న న్యాయదర్శనవాదులైన నైయాయికులకు ఇది అనుకూలంగా తోచవచ్చు. బౌద్ధుడు మాత్రం ఆ సంఖ్య కూడా వ్యవహారం కోసం పెట్టుకున్న పేరేనంటాడు. ఆ మాటలో బలముంది, ఎందుకంటే సంఖ్యకు ఎరుక లేదు. డేటాబేసును దిద్దగలిగినవాడు ఎవడైనా దానికి నిర్వాహకుడే.

హోస్టింగ్ ఖాతా కూడా పోయినప్పుడు ఆ సంస్థ ఉద్యోగి చెల్లింపు రసీదులు, గుర్తింపు పత్రాలు అడుగుతాడు. నైయాయికులు శబ్దప్రమాణమని పిలిచిన ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవారి సాక్ష్యం, ఇక్కడ స్మృతి స్థానంలోకి వస్తుంది. మోసగాళ్ళకు దారి ఇస్తుందన్న భయంతో ఈ విచారణను పూర్తిగా యంత్రాలకు వదిలేయడం అన్యాయం, ఎందుకంటే వయసు మీదపడి జ్ఞాపకం సన్నగిల్లినవారు తమది తమదేనని నిరూపించుకోవడానికి చివరికి మిగిలే మార్గం తోటిమనిషి ముందు నిలబడి చెప్పుకోవడమే.