తాతగారి కరస్థలము



వీరశైవుల ఇండ్లలో పెద్దలు కన్నుమూసినప్పుడు చనిపోయిరను మాటను నోట రానీయరు, లింగైక్యులైరని అందురు. తరచు వాడుటచే ఈ మాట అరిగి, నేడు కేవలము మర్యాదకై పలుకు మాటగా మిగిలినది. షట్స్థల సిద్ధాంతమున భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ స్థలములను దాటిన పిమ్మట వచ్చునది ఐక్యస్థలము. అది బ్రతికియుండగనే సాధింపవలసిన స్థితియే గాని, ఊపిరి ఆగినంతనే ఎల్లరకు దక్కు బిరుదము గాదు. అయినను, ఇంటివారు తమ తాతను గూర్చి ఆ మాట పలుకునప్పుడు అందు ఒక నమ్మిక యున్నది. దానిని తప్పుపట్టనక్కరలేదు. పలికినవారు ఆ మాటకు తగినట్లు ఆయనను ఎట్లు తలచుచున్నారన్నదే అడుగదగిన ప్రశ్న.

జహీరాబాదు ప్రాంతపు ఒక కుటుంబమున జరిగిన సంగతి యిది. ఝరాసంగమున వెలసిన కేతకీ సంగమేశ్వరుని కొలుచుకొను సీమ యది. సరిహద్దు దాటినచో బీదరు జిల్లా, అందు బసవకల్యాణము. తెలుగును కన్నడమును ఆ ఇండ్లలో కలిసియే వినిపించును. ఆ ఇంటి పెద్దాయన కిరాణా వర్తకుడు. తెల్లవారకముందే స్నానము చేసి, విభూతి ధరించి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచుకొని పూజించిన తరువాతనే కొట్టు తలుపు తీసెడివాడు. తూచినదానిపై కొసరు వేయనిదే సరకు పొట్లము కట్టెడివాడు కాడు. లింగమును పట్టిన చేతితోనే తరాజును పట్టుచున్నానను ఎరుక ఆయనకు ఎన్నడును తప్పలేదు. బసవేశ్వరుడు చెప్పిన కాయకమన్న నదియే. దానిని ఆయన ఎన్నడును ఉపన్యసించి చెప్పలేదు, ఉప్పు పప్పులు తూచుటలోనే చూపెను. మనుమడు పసితనమున తాత యెదుట కూర్చుండి, ఆ అరచేతినే చూచుచు పెరిగెను. పూజ ముగిసినంతనే లింగోదకమును మొదట ఆ పిల్లవాని దోసిట పోయుట తాతకు అలవాటు.

ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట ఆ పెద్దాయన లింగైక్యుడయ్యెను. అప్పటికి మనుమడు హైదరాబాదున ఉద్యోగమున నుండెను. కబురందుకొని అతడు ఇల్లు చేరునప్పటికే దేహమునకు స్నానము చేయించి, విభూతి పూసి, రుద్రాక్షలు వేసి, పద్మాసనమున కూర్చుండబెట్టియుండిరి. సమాధిలో ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచబోవు వేళ మనుమడు జంగమస్వామి చేయి పట్టుకొని ఏడ్చెను.

"అయ్యగారూ, ఆ లింగమును నాకిప్పించండి. తాత గురుతుగా దాచుకొంటాను."

అయ్యగారు కోపగింపలేదు. "నాయనా, ఇది తాత దగ్గర ఉండిన వస్తువు కాదు, తాత ప్రాణమే ఇది. గురువు చేతిలో పెట్టిన నాటినుండి ఆయన దీనిని ఒక్కనాడును ఎడబాయలేదు. ఇప్పుడు నీవును నేనును కలిసి ఎడబాపుదుమా?" అనిరి.

పిల్లవాడు చేయి విడిచెను గాని అతని మనస్సు సమాధానపడలేదు. ఇంటికి మరలిన పిమ్మట అవ్వ అతనిని చెంత కూర్చుండబెట్టుకొని, "ఆయన లింగము ఆయనతో పోయిందిరా. నీ లింగమేదిరా, నాయనా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు అతని యొద్ద బదులు లేకపోయెను. చదువునకై హాస్టలుకు వెళ్ళిననాడు, తోటివారు నవ్వుదురని వెండి లింగకాయను మెడనుండి తీసి అవ్వ పెట్టెలో నుంచినాడు. పదునైదేండ్లుగా అది అచ్చటనే యున్నది.

తాత లింగమును దాచుకొన కోరుట ప్రేమచేతనే. కాని వీరశైవమున లింగము వంశపారంపర్యముగ వచ్చు సొత్తు గాదు. ఇల్లు, పొలము, కొట్టు తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు వచ్చును. ఇష్టలింగము మాత్రము గురుకరమునుండి ఒక్కొక్కరికి వేరుగ వచ్చును, వారితోనే పోవును. తాత పూజించిన పూజ తాతది. మనుమని పూజను మనుమడే చేయవలెను.

ఇచ్చట మరియొక మాట. మన ఆచారమున జనన, మృత, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి అను పంచసూతకములు లేవు. అయినను నేడు పెక్కు ఇండ్లలో ఇరుగుపొరుగును చూచి, మరణము సంభవించిన పది దినములును లింగపూజ మానివేయుచున్నారు. దుఃఖము మిక్కుటమైన దినముననే లింగమును దూరముంచుట యెంత విపరీతము! సూతకము లేదనినంత మాత్రమున ఏడువరాదని యర్థము గాదు. లింగమును పట్టిన చేతిపై కన్నీరు పడినచో ఆ లింగము మైలపడదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచి కథ గలదు. ఆ తాతగారు మనుమనికి పలుమారు చెప్పిన కథ యదియే. తండ్రి పొరుగూరికి పోవుచు, నిత్యము శివునకు పాలు ఆరగింపు చేయుమని ఆ ముగ్ధబాలికకు అప్పగించును. దేవుడు నిజముగనే పాలు త్రాగునని ఆమె నమ్మిక. త్రాగకపోవుటచే తనవలన ఏదో తప్పు జరిగినదని భయపడి యేడ్చును. చివరకు శివుడు త్రాగును. ఈ కథలో పెద్దలు శివుని మహిమనే చూచెదరు. కాని తండ్రి ఊరలేని దినములలో ఆ బాలిక యేమి చేసినదో చూడుడు. తండ్రి గిన్నెను గుండెకు హత్తుకొని కూర్చుండలేదు. పాలు కాచి పట్టుకొనిపోయినది. సోమనాథుడును భక్తులను తలచినది అట్లే. వారి సమాధుల కొలతలను వ్రాయలేదు. వారేమి చేసిరో, యెవరికి పెట్టిరో, యెట్లు మొండిపట్టు పట్టిరో ద్విపదలో చెప్పెను. అందుచేతనే ఆ గ్రంథమును 1369లో భీమకవి కన్నడమునకు మార్చగా అచ్చటి ఇండ్లలోను ఆ భక్తులు బ్రతికిరి.

ఆ ఇంట మరియొక చిక్కు వచ్చెను. కుమారుడు తండ్రి సమాధిపై పాలరాతి మంటపము కట్టింపవలెననియు, గణారాధనకు ఊరంతటిని పిలువవలెననియు తలచి అప్పునకు సిద్ధపడెను. బంధువులు ఔనౌననిరి. ఇట్టి వేళ బంధువులు ఔననుట సులభము. అప్పుపత్రముపై వారి చేవ్రాలు ఉండదు గదా! అవ్వ మాత్రము ఆయ్దక్కి మారయ్యను గుర్తు చేసెను. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వానితోనే జంగములకు దాసోహము చేసిన శరణుడాయన. ఒకనాడు అలవాటునకు మించి బియ్యము తేగా, ఇది ఆశయనియు, అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనియు భార్య లక్కమ్మ మరలించినది. "కొసరు వేసిన మనిషికి వడ్డీ డబ్బులతో ఆరాధన చేస్తావట్రా?" అని అవ్వ అడిగెను. కుమారుడు మాటాడలేదు. మంటపము ఆగినది. కొట్టులో ఉన్న సరకుతోనే, జొన్నరొట్టెలతోను పప్పుతోను, వచ్చిన జంగములకును వాడకట్టువారికిని ఆరాధన జరిగినది.

మనుమడు తిరిగి పట్నమునకు పోవుచు అవ్వ పెట్టెనుండి తన లింగకాయను తీసికొనిపోయెను. అది ధరించుటకు ముందు అయ్యగారిని కలిసి, విడిచినందులకు చేయవలసినది చేయించుకొనెను. అద్దెగదిలో మొదటి దినము ఎడమచేయి వణికెను. తాత చేతిని అన్ని యేండ్లు చూచినను, విభూతి పిమ్మట ఏమి చేయవలెనో అతనికి జ్ఞప్తికి రాలేదు. లింగమును అరచేత నట్లే యుంచుకొని, కుడిచేతితో అవ్వకు ఫోను చేసి అడిగెను. ఆమె చెప్పెను. అభిషేకజలము మిగిలినదా అని ఆమె అడుగగా, మిగిలినదనెను.

"ఎవరి దోసిట పోయుదును, అవ్వా? ఇక్కడ నేనొక్కడినే గదా."

"ముందు నీవు పుచ్చుకో," అని అవ్వ అనెను.