ముండ్ల బాటయు, ట్యూబు లేని టైరును



నిజాంసాగరు 1931లో పూర్తియై నీరిచ్చినది మొదలు మన వర్ని ప్రాంతమునకు వరి వచ్చెను, కాలువ గట్లును వచ్చెను. గట్టున్నచోట తుమ్మముల్లున్నది, పల్లేరు కాయ యున్నది. సైకిలుపై పోవువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మన యౌవనస్థుడొకడు నన్నిట్లడిగెను: “అయ్యగారూ, నా మౌంటెన్ బైకుకు ట్యూబు తీసేసి ట్యూబులెస్ వేయించుకొమ్మంటారా?” అతడు వేకువనే పొలమునకు నీరు కట్టి, ఆ సైకిలు మీదనే కాలేజీకి పోవలెను. త్రోవలో పంచరైన దినమున పాఠము పోవును. చేతిలోనిదో కొద్దిపాటి రూకలు. కనుక ఇది చిన్న ప్రశ్న కాదు.

డన్‌లప్ దొర గాలి టైరుకు 1888లో పేటెంటు పొందెను. మౌంటెన్ బైకులకు ట్యూబులేని పద్ధతిని ఫ్రెంచి కంపెనీలు 1999లో తెచ్చెను. ఇందులో టైరు అంచే రిమ్మును బిగియపట్టి గాలిని నిలుపును. లోపల పోసిన సీలెంటు ద్రవము, ముల్లు గుచ్చుకొన్నచోటికి పారి, గడ్డకట్టి, రంధ్రమును మూయును. గాలి కొంత తగ్గించి నడిపినను ట్యూబు నలిగి చిరుగునను భయము లేదు. మంచిదే. అయినను మూడు సంగతులు విచారింపవలెను.

మొదటిది, రిమ్ము. ట్యూబులెస్‌కు తగినట్లు చేసిన రిమ్మును టైరును కావలెను. మామూలు సైకిలు రిమ్ముపై ఇది నిలువదు. క్రొత్త ద్రాక్షారసమును పాత తిత్తులను గూర్చి ప్రభువు చెప్పినది (మత్తయి 9) ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి.

రెండవది, ఖర్చు. టైర్లు, రిమ్ము టేపు, వాల్వులు, ద్రవము అన్నియు కొనవలెను. అంచు కూర్చుండుటకు గాలి ఒక్కసారిగా కొట్టవలెను. చేతిపంపుతో అది తరచుగా సాధ్యపడదు. కట్టడము మొదలుపెట్టి సగములో ఆపినవాని ఉపమానము (లూకా 14) మనకు తెలియును.

మూడవది, కాపుదల. ఆ ద్రవము కొన్ని నెలలలో ఎండిపోవును. మన ఎండలకు మరింత త్వరగా ఎండును. మరల పోయుచుండవలెను. పెద్ద కోత పడినచో అది మూయజాలదు గనుక ఒక ట్యూబును పంపును వెంట నుండవలసినదే.

కావున నేను చెప్పిన జవాబిది: నీ రిమ్ము తగినదై, దినదినము ముండ్ల బాటనే పోవుచు, ద్రవమును మరువక చూచుకొనగలిగితే మార్పించుకొనుము. రిమ్ములు సహా కొనవలసి వచ్చినచో, ఫీజు డబ్బు ముట్టవద్దు. అతుకులు, సొల్యూషను సంచిలో పెట్టుకొని ట్యూబుతోనే సాగుము. తోటివానికి ఉన్నదను మాట కారణముగా తీసికొనకుము.

ప్రియులారా, ద్రవము ఎండిన టైరు పైకి నిండుగానే కనబడును; ముల్లు గుచ్చుకొన్నప్పుడే దాని లోపము తెలియును. బుద్ధిలేని కన్యకల దివిటీలును చూపునకు మంచివే. నూనె కొదువ అర్ధరాత్రి బయటపడెను (మత్తయి 25). ముండ్లు లేని బాట మనకెవరును వాగ్దానము చేయలేదు. ఒకప్పుడు పొందిన విశ్వాసము నేటికిని లోపల తడిగా నున్నదా? ముల్లు రాకమునుపే పరీక్షించుకొందము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.