కొట్టివేత

పాశమైలారం వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో పదహారేళ్లుగా క్వాలిటీ కంట్రోల్ చూస్తున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష యంత్రం ముందు బిక్కమొహంతో నిలబడింది. కాలమ్ కుదురుకోకముందే ఇంజెక్షన్ ఇచ్చింది, పీక్ వంకరగా వచ్చింది. "సార్, దీన్ని డిలీట్ చేద్దామా? ఎవరూ చూడలేదు" అంది.

ఆమె లాగిన్‌కు ఆ హక్కు లేదు. నా లాగిన్‌కూ లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధన ప్రకారం, కంప్యూటర్ రికార్డులో ఏ మార్పు చేసినా అంతకుముందు రాసింది మరుగున పడకూడదు. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో ఆడిట్ ట్రయల్‌లో పడిపోతుంది. కాగితం మీదైతే తెల్ల ఫ్లూయిడ్ ముట్టుకోం. తప్పు అంకె మీద ఒకే ఒక గీత కొట్టాలి, దాని కింద అంకె చదవడానికి రావాలి. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. నేను చేరిన ఏడాది తూకం రాస్తూ 3ని 8గా దిద్దాను. మా సీనియర్ ఆ పేజీ నా ముందు పెట్టి, "దిద్దితే రెండు తప్పులు, కొట్టేస్తే ఒకటే" అన్నారు.

డిలీట్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని మూలానికి తుడిచేయడం, నాశనం చేయడం అని రెండర్థాలూ ఉన్నాయి. మన చెరపడం కూడా అలాంటిదే. పలక మీద అక్షరాన్ని చెరుపుతాం, పచ్చని కాపురాన్నీ చెరుపుతాం. చెరపకురా చెడేవు అన్నది పలక గురించి కాదు గానీ, ఈ పనిలో పడ్డాక నాకది పలకకూ వర్తిస్తుందనిపిస్తోంది. కంప్యూటర్‌లోనూ మామూలుగా డిలీట్ కొడితే పోయేది పట్టికలోని చిరునామాయే. ఆ చోట ఇంకొకటి రాసేదాకా ఫైలు డిస్కు మీదే ఉంటుంది.

చేసిన పాపం పోతుందా అని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. జ్ఞానం కలిగితే పోగుపడిన కర్మ, అంటే సంచితం, కాలిపోతుందనీ, ఫలించడం మొదలైన ప్రారబ్ధం మాత్రం వదిలిన బాణం లాంటిదనీ, జ్ఞానికైనా అనుభవించక తప్పదనీ అద్వైతులు చెబుతారు. చిత్రగుప్తుడి చిట్టా సంగతి సరేసరి. మా ప్యాకింగ్ విభాగంలో ఒక పెద్దాయన ఉన్నాడు, రోజాలు తప్పనివాడు. భుజాల మీద ఇద్దరు దేవదూతలు అన్నీ రాస్తుంటారని ఆయన నమ్మకం. "తౌబా చేస్తే మాఫీ అవుతుంది భాయ్. కానీ ఏం చేశానో నాకే గుర్తు లేకుంటే దేనికని మాఫీ అడగాలి?" అన్నాడొకసారి. ఇన్ని ప్రవచనాలు విన్నా అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

మా ఊరు నక్కవాగు ఒడ్డున, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర. ఆ నీళ్లతో నాన్న వరి పండించాడు. నేను బడికి పోయేనాటికి వాగు రంగు మారింది. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగి వచ్చేవి. పటాన్‌చెరు కాలుష్యం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. వాగులోకి వదిలిన ప్రతివాడూ డిలీట్ కొట్టాననే అనుకుని ఉంటాడు. లోపల ఒక్క అంకెకు ఇన్ని సంతకాలు పెట్టే మనం, గోడ అవతల ఒక ఏరును పలక లాగా వాడుకున్నాం. నా పిల్లలు చదువుకుంటున్నదీ ఈ పరిశ్రమ ఇచ్చే జీతంతోనే. అందుకే 'వాళ్లు' అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. ఆ మంజీరే దిగువన ఏడుపాయల దగ్గర చీలి, దుర్గమ్మ గుడి ముందు నుంచి పారుతుంది. శివరాత్రి జాతరకు అమ్మను ఏటా తీసుకుపోతాను. అందరిలా గబగబా మూడు మునకలు వేసి రాదు అమ్మ. నడుములోతు నీళ్లలో నిలబడి, ఆ ఏడాది తను చేసిన తప్పులన్నీ పైకి చెప్పుకుంటుంది: చెల్లెలి ఇంటికి పోలేదు, పాలామెకు ఇవ్వాల్సిన పైసలు ఆపింది, కోడల్ని అనరాని మాటంది. అవన్నీ చెప్పందే మునగదు.

కిందటిసారి పక్కన నిలబడి నేనూ చెప్పాను. చేరిన కొత్తలో, రాత్రి షిఫ్టుల్లో, వ్యర్థాల డబ్బాలో పోయాల్సిన ఎసిటోనైట్రైల్, మెథనాల్ ద్రావకాలను బద్ధకించి సింకులో పారబోసిన సంగతి. ఏ ఏడాది, సుమారు ఎన్ని లీటర్లు, అన్నీ. "గదేందో నాకు తెల్వది గని, మొత్తం చెప్పు బిడ్డా" అంది అమ్మ. నేను చెప్పడం అయ్యేదాకా తనూ మునగకుండా నా చెయ్యి పట్టుకుని నిలబడింది.