ఉప్పు తిన్న ఋణము

తిన్న యింటి వాసములు లెక్కపెట్టరాదని మన పెద్దలు చెప్పుదురు. మేలు చేసినవానికి కీడు తలపెట్టరాదనుట దాని తాత్పర్యము. దానితో నాకు తగవు లేదు. కాని పనిచోట జరిగిన యన్యాయమును గూర్చి నోరు విప్పిన సేవకునిపై యజమానులు ఈ సామెతను ప్రయోగించుట చూచినప్పుడు, అది తన చోటు తప్పినదని తోచుచున్నది. జీతము ఉపకారమా? పనిచేసి కూలి పుచ్చుకొన్నవాడు యజమానికి ఇంకను ఋణపడి యున్నాడా? ఈ ప్రశ్నను కొంచెము విచారింతము.

2008 మార్చిలో హైదరాబాదు విమానముల రాకపోకలు బేగంపేటనుండి శంషాబాదునకు మారినవి. ఆ విశాలమైన అద్దాల భవనములలో నేల తుడుచువారు, సామానుబండ్లు త్రోయువారు, కావలి కాయువారు పెక్కుమంది. పలువురు కంట్రాక్టర్ల చేతిక్రిందివారు. అట్టి వారిలో ఒక స్త్రీని ఊహింతము. రెండు నెలలుగా ఎక్కువ గంటలు పనిచేసిన కూలి ముట్టలేదని ఆమె అడిగినది. వారము తిరుగకముందే ఆమెను రాత్రి డ్యూటీకి మార్చిరి. పక్షము గడచిన పిమ్మట సబ్బునీళ్ల డబ్బా పోయినదని నేరము మోపిరి. నెల నిండునప్పటికి గేటుపాసు లాగికొనిరి. పాసు లేనిదే విమానాశ్రయములో అడుగు పెట్టరాదు. కావున ఒక్క అక్షరము వ్రాయకయే ఆమె యుద్యోగము తీసివేయబడినది. విడివిడిగా చూచిన ప్రతిదానికిని ఒక కారణము చెప్పవచ్చును. కలిపి చూచిన కారణ మొక్కటే: ఆమె అడిగినది.

చట్టము ఈ రహస్యమును ఎరుగకపోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1982లో చేసిన సవరణ, కక్షతో ఉద్యోగమునుండి తొలగించుటను, దురుద్దేశముతో బదిలీ చేయుటను, యజమానిపై సాక్ష్యము చెప్పినందుకు శిక్షించుటను అనుచిత చర్యలుగా పేర్కొన్నది. ఆ చట్టమునకు బదులుగా 2020లో ఏర్పడి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతియు వానిని నిలుపుకొన్నది. వివాదము విచారణలో నుండగా, ఆ విషయమునకు సంబంధించి పనివాని నిబంధనలను అతనికి నష్టము కలుగునట్లు మార్చరాదు. ఉద్యోగము పోయినవాడు రెండేండ్ల లోపల రాజీ అధికారిని ఆశ్రయింపవచ్చును. నలువదియైదు దినములలో పరిష్కారము కాకున్న ట్రిబ్యునలుకు తానే పోవచ్చును. కంట్రాక్టరు కూలి యెగవేసినచో అసలు యజమాని చెల్లింపవలెనని 1970 నాటి చట్టమే చెప్పియుండెను.

దీనికొక ఆక్షేపణ కలదు. సోమరియైనవాడు ఒక ఫిర్యాదు పడవైచి, దానిచాటున దాగి, ఏ మాటయన్నను కక్షయని కేకలు వేయడా? వేయవచ్చును. క్రమశిక్షణ లేని సంస్థ నడువదనుటయు సత్యమే. అయితే దీనికి మందు విచారణయే గాని మౌనము కాదు. నేరమేమో వ్రాసి యిచ్చి, సమాధానము విని, సాక్ష్యము చూచి శిక్షించు యజమానిని చట్టము అడ్డగించుట లేదు. వినకయే శిక్షించువానిని మాత్రమే అడ్డగించుచున్నది. ఇన్ని దినములు రాకున్న ఉద్యోగము తనంతట పోవునను నిబంధనను ఆధారము చేసికొని, విచారణ లేక ఒక కార్మికుని తొలగించిన వ్యవహారములో సుప్రీముకోర్టు 1993లో ఇదే చెప్పినది: జీవనోపాధిని తీసివేయుటకు ముందు ఆ మనుష్యుని మాట వినవలెను.

ఈ ధర్మము ప్రభుత్వమునకును వర్తింపవలదా? 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సుమారు 48,000 మంది సమ్మె చేసిరి. గడువులోగా పనికి రానివారు తమంతట తామే ఉద్యోగములు వదలుకొన్నారని ముఖ్యమంత్రి ప్రకటించెను. సమ్మె న్యాయమా కాదా యను చర్చ వేరు. ఒక్కొక్కని మాట వినకయే ఇన్ని వేల కుటుంబముల అన్నమును ఒక్క వాక్యముతో తీసివేయవచ్చునా యనునదే మన ప్రశ్న. యాబదిరెండు దినములకు సమ్మె ముగిసెను. నవంబరు నెలాఖరున వారిని మరల పనిలోనికి తీసికొనిరి. అయినను ఈ నడుమ కొందరు ప్రాణములే విడిచిరి. పోయిన ఉద్యోగము తిరిగివచ్చును గాని పోయిన ప్రాణము తిరిగిరాదు.

అన్యాయము నచ్చనివాడు పని మానుకొని పోరాదా యని కొందరందురు. మన వి. వి. గిరిగారు కేంద్ర కార్మికమంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగులను గూర్చిన ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో పదవిని త్యజించిరి. అది పూజ్యమైన త్యాగము. కాని రాజీనామా నిలువ నీడ గలవాని ఆయుధము. రేపటి బియ్యమునకు నేటి కూలి కావలసినదానికి ఆ యాయుధము లేదు. మానుకొనజాలనివారి కొరకే చట్టము పుట్టినది.

ఇక మన సామెతకు వత్తము. వాసములు లెక్కపెట్టువారు రెండు విధములు. ఇల్లు కూల్పదలచినవాడు లెక్కపెట్టును. ఏ వాసమునకు చెదలు పట్టినదో చూపదలచినవాడును లెక్కపెట్టును. ఇల్లు విడిచి పోవువానికి చెదలతో పనియేమి? అందుననే యుండగోరువాడే చెప్పును. వానిని గెంటివేసిన యింటిలో చెదలు నిశ్చింతగా పెరుగును. యజమాని యిచ్చిన ఉప్పునకు పనివాడు చెమటలో నంతకన్న నెక్కువ ఉప్పే తిరిగి యిచ్చినాడు. ఋణము తీరినది. మిగిలియున్నది పరస్పర మర్యాద మాత్రమే.

కర్మాగారములను గూర్చి యింత చెప్పి, మన వంటయింటిని మరచుట న్యాయము కాదు. మన పాత్రలు తోమునామె మొన్న జ్వరమువచ్చి రాని దినమునకు జీతము కోయవద్దని యడిగినప్పుడు మనమేమంటిమి? ఆ మరునాడు ఆమె చేతి కాఫీ గ్లాసులోను, తుడిచిన నేలలోను మనకు క్రొత్తగా తప్పులు కనబడలేదా? పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 నాటి చట్టము ఇంటి పనివారికిని వర్తించును. కాని జీతము, సెలవు మున్నగు విషయములలో ఆమెకు గల రక్షణ స్వల్పము. చట్టము గడప దాటి రాలేనిచోట ధర్మమే రావలెను. శంషాబాదులోని గేటుపాసును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, మన వీధితలుపు ఎవరిపై ఎట్లు మూయబడుచున్నదో ఒక్కసారి చూచుకొందము.