ఫాను ఆపిన పుణ్యం

మా వారు ఈమధ్య మా హాల్లో ఫాను మీద పగబట్టారు. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి దాన్ని ఆపేస్తారు. తర్వాత కిటికీల వంతు. మా జహీరాబాదు మీదుగా హైదరాబాదు-ముంబై రహదారి పోతుంది కదా, లారీల హారన్లు లోపలికి రాకూడదట. సెల్‌ఫోన్లు పడకగదిలో పెట్టాలి. వంటింట్లో కుక్కరు కూత వెయ్యకూడదు. ఇన్ని ఆంక్షలూ దేనికంటే, డాలస్ నుంచి మా ఆడపడుచు కొడుకు తెచ్చిన సితారు కచేరీ డిస్కు వినడానికి!

అది మామూలు సీడీ కాదు, సూపర్ ఆడియో సీడీ. దానికోసం వేరే ప్లేయరు కూడా కొన్నారు. ఇక ఇన్నేళ్ళుగా, చాలీచాలని జీతంలో ఒక్కొక్కటే కొనుక్కున్న పాత సీడీలన్నీ అట్టపెట్టెలో సర్దించి అటకెక్కించారు. “ఇన్నాళ్ళూ మనం విన్నది సంగీతమే కాదోయ్!” అన్నారు. నా మనసు చివుక్కుమంది. ఆ సీడీలు వింటూ పిల్లల్ని జోకొట్టిన రోజులు నాకింకా గుర్తే.

సరే, సంగతేమిటో తెలుసుకుందామని నేనూ నాలుగు పుస్తకాలు తిరగేశాను. సీడీ 1982లో వచ్చింది. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఆ లెక్కల్ని డిస్కు మీద ఎక్కిస్తారు. 1999లో వచ్చిన సూపర్ ఆడియో సీడీలో ఆ పని సెకనుకి 28 లక్షల సార్లకు పైగా జరుగుతుంది. ఆ కొలిచే పద్ధతి వేరనుకోండి. కానీ అంకెలు చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి.

అయితే ముగ్గులు వేసే మనకి ఒక రహస్యం తెలుసు. గీత తిప్పడానికి చాలినన్ని చుక్కలుంటే ముగ్గు కుదురుతుంది. మధ్యలో ఇంకో వంద చుక్కలు పెట్టినా ముగ్గు మారదు. మనిషి చెవికి వినిపించేది మహా అయితే సెకనుకి 20,000 కంపనాల దాకా. వయసు మీదపడ్డాక అదీ ఉండదు. అక్కడిదాకా సీడీ చుక్కలు చాలు. ఆ పైవి గబ్బిలాలు వింటాయేమోగానీ, అరవై దాటిన మా వారు వింటారా?

అదిగో, అక్కడే నాకు దుర్బుద్ధి పుట్టింది.

ఆ డిస్కులో కొత్త పొరతోపాటు మామూలు సీడీ పొర కూడా ఉంది. రిమోటు మీద ఒక మీట నొక్కితే చాలు, ఏది కావాలంటే అది మోగుతుంది. ఆ ఆదివారం ఆయన కళ్ళు మూసుకుని కూర్చోగానే, డిస్కు వేసే వంక పెట్టి నేను ఆ మీట నొక్కేశాను. మోగింది మామూలు సీడీయే. ఆయన తల ఊపుతూ, “చూశావా! తీగ అణిగిపోయేటప్పుడు ఆ సన్నని నాదం... సీడీలో ఇది చచ్చినా వినపడదు” అన్నారు. నేను పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పై ఆదివారమూ అంతే, ఆ తర్వాతదీ అంతే.

మూడోవారం మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆయన ముఖంలో ఆ సంతోషం చూస్తుంటే అనుమానమొచ్చింది. ఈ ఆనందం అబద్ధమా? తెలిసీ నేను ఊరుకోవడం దయా, దగా?

బాగా ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆయన ఆనందం అబద్ధం కాదు. ఆ సన్నని నాదం నాకూ వినపడింది. అది పాత సీడీల్లోనూ ఉండే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఫాను గాలిలో, కుక్కరు కూతలో, మన కబుర్లలో కొట్టుకుపోయింది. ఖరీదైన డిస్కు అనేసరికి దానికి మర్యాద చేశాం, నలభై నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాం. ఆనందం నిజమే, ఆయన చెప్పుకునే కారణమే తప్పు.

2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే పెట్టారు. ఏది మోగుతోందో చెప్పకుండా 554 సార్లు వినిపిస్తే, జనం సరిగ్గా పోల్చింది 276 సార్లు. అంటే సగం కూడా కాదు! అయినా ఇలాంటి డిస్కులు చాలావరకు వినడానికి బావుంటాయన్నారు. వాటిని రికార్డు చేసేవాళ్ళు ఎక్కువ శ్రద్ధ పెట్టడమే కారణమట. న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. 2016లో రైస్ అనే ఆయన 18 పరిశోధనలు కలిపి చూస్తే, వందకి 52 సార్లు పోల్చగలిగారని తేలింది. శిక్షణ ఉన్న చెవులకి ఇంకాస్త ఎక్కువ. తేడా బొత్తిగా లేదనలేం. కానీ అటు చేసేవారి శ్రద్ధ, ఇటు వినేవారి శ్రద్ధ ముందు అదెంత?

అంతదూరం ఎందుకు, మాకు దగ్గర్లోనే మాచునూరు ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 2008 అక్టోబరు 15న అక్కడ సంఘం రేడియో మొదలుపెట్టారు. ఎఫ్.ఎం.లో వచ్చే శబ్దం 15,000 కంపనాల దాకానే, సీడీకన్నా తక్కువ. కానీ తమ ఊరి పాట, తమ విత్తనాల ముచ్చట తమవాళ్ళ గొంతులోనే వచ్చేటప్పుడు ఈ లెక్క ఎవరడుగుతారు?

మరి ఆనందం నిజమైనప్పుడు కారణం తప్పైతే ఏం పోయింది, ఊరుకోవచ్చుగా అంటారేమో. నేనూ అలాగే అనుకుందును. కానీ అటకమీది పెట్టె గుర్తొచ్చింది. మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడమంటే ఇదే కదూ! తప్పు కారణం నమ్మితే ఉన్నది చులకనైపోతుంది. పైగా, ఒక మనిషిని తెలియని పరీక్షకి కూర్చోబెట్టి చాటుగా నవ్వుకోవడం ఏం మర్యాద?

నాలుగో ఆదివారం అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలో నాకు ఏ సంగీతమూ వినపడలేదు. చివరికి, “నాకు చెప్పే పెట్టు పరీక్ష, పదిసార్లు” అన్నారు. పెట్టాను. ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా ఆ మాత్రం రావచ్చన్నాను.

“అరవై శాతం! ఫస్టుక్లాసు!” అన్నారు మా వారు మీసం దువ్వుకుంటూ.

మర్నాడు నేను అడక్కుండానే అటకమీంచి పెట్టె దిగింది. ఇప్పుడు ఒక ఆదివారం ఆ డిస్కు, మూడు ఆదివారాలు పాత సీడీలు. ఫానుకి మాత్రం శిక్ష తగ్గలేదు. మే నెలలో కూడా! చెమటలు కక్కుతూనే కూర్చుంటున్నాను. ఏం చేస్తాను, శ్రద్ధ గొప్పదని వాదించింది నేనే కదా!