బాలల దినచర్య – పెద్దల ధర్మము

మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత వినని తెలుగు ఇల్లు లేదు. బిడ్డలకు చిన్ననాటనే మంచి అలవాట్లు నేర్పవలెనని చెప్పుటకు పెద్దలు తరచుగా దీనినే ఉదాహరింతురు. అయితే ఈ సామెతను ఆశ్రయించువారు వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. మొక్కను వంచు చేయి ఎవరిది? ఆ చేతికి అట్టి అధికారము ఎచ్చటినుండి వచ్చినది? వేకువనే లెమ్మనియు, పండ్లు తోముమనియు, ఆట చాలించి చదువుకొమ్మనియు బిడ్డను నిత్యము శాసించు పెద్దలు, తమ శాసనమునకు తాము ఎంతవరకు కట్టుబడియున్నారు? బాలల ఆరోగ్యమును గూర్చి మాటలాడునప్పుడు ఆహారము, నిద్ర, వ్యాయామము అను మాటలు వినవచ్చును గాని, ఈ ధర్మవిచారము అంతగా వినరాదు.

అలవాటు వేరు, విధేయత వేరు. తల్లి చూచుచున్నంతసేపు చేతులు కడుగుకొని, ఆమె లేనప్పుడు మట్టిచేతులతోనే భోజనమునకు కూర్చుండు బిడ్డకు విధేయత కలదు గాని అలవాటు లేదు. ఎవరును చూడని వేళ బిడ్డ ఏమి చేయునో అదియే ఆ బిడ్డ అలవాటు. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమునందే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఈ విషయమును విచారించి, సద్గుణము వినుటచేత గాక చేయుటచేతనే మానవునకు అబ్బునని నిర్ణయించెను. తర్కము తెలియని వయస్సులో బిడ్డకు అభ్యాసమే ముందు, కారణము తరువాత. ఇందు తప్పు లేదు. కాని ఆ కారణమును ఎన్నటికిని చెప్పకపోయినచో, అభ్యాసము భయముగానే మిగిలిపోవును. భయము తొలగిననాడు అదియు తొలగును.

కారణములు చెప్పుట కష్టమును గాదు. ముందుగా నిద్ర. 6 నుండి 12 సంవత్సరముల బిడ్డలకు దినమునకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 సంవత్సరముల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంస్థ 2016లో నిర్ణయించినది. ఎదుగుదలకు తోడ్పడు హార్మోను గాఢనిద్రలోనే అధికముగా స్రవించును. పగలు నేర్చిన పాఠము మెదడులో కుదురుకొనుటకును నిద్ర కావలెను. కనుక నిద్ర తగ్గించి చదివించుట చిల్లుకుండలో నీరు పోయుట వంటిది.

తరువాత ఆహారము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశమున 6 నెలలు మొదలు 5 సంవత్సరముల లోపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇట్టి దేశమున అనేక గృహములలో ఉదయమున బిడ్డ చేతికి వచ్చునది టీ, బిస్కట్లు. టీలోని కొన్ని పదార్థములు భోజనములోని ఇనుమును శరీరము గ్రహింపకుండ అడ్డగించును. ఉసిరి, జామ, నిమ్మ వంటి వానిలోని సి విటమిను అదే ఇనుము ఒంటబట్టుటకు సహాయపడును. తోటకూర పప్పు, అందులో పిండిన నిమ్మచెక్క, వేరుసెనగ ఉండ, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము గల రాగులతో కాచిన జావ, ఇవి ధనికులకు మాత్రమే అందు పదార్థములు కావు.

మూడవది ఆట. 5 నుండి 17 సంవత్సరముల వారికి దినమునకు సగటున 60 నిమిషములైనను గుండె వేగము పెంచు శారీరక శ్రమ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. కబడ్డీ, తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు ఈ పనిని ఖర్చు లేకయే నెరవేర్చును. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడపు బిడ్డలకు హ్రస్వదృష్టి వచ్చు అవకాశము కూడ తక్కువ.

ఇవన్నియు తెలిసిన గృహములలో సైతము మంచి అలవాట్లు నిలువకపోవుటకు హేతువేమి? బిడ్డ చెవితో కంటె కంటితో ఎక్కువ నేర్చుకొనును. తండ్రి సెల్‌ఫోనునుండి తల యెత్తకయే, "ఫోను అవతల పెట్టి పుస్తకము తియ్యరా" అని కుమారుని గద్దించును. ఆ బాలుడు నేర్చుకొనునది ఫోను హానికరమని కాదు, బలవంతునకు నియమము లేదని. తాను పెద్దవాడైన పిదప తానును నియమమునుండి విముక్తుడగునని వాడు ఆ క్షణముననే గ్రహించును. నోటితో చెప్పిన పాఠము ఒకటి, నడతతో నేర్పిన పాఠము మరియొకటి.

ఇంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. ఏడాది నిండని శిశువునకు తెరపై బొమ్మలు చూపనే రాదనియు, 2 నుండి 4 సంవత్సరముల వారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. అయినను అన్నము తినిపించుట సులభమగునని శిశువు ఎదుట ఫోను నిలుపుట నేడు సామాన్యమైనది. అది శిశువు కోరినది కాదు, పెద్దల సౌకర్యము కోరినది. పది సంవత్సరములు గడచిన పిదప అదే బిడ్డ ఫోను విడువలేక తల్లడిల్లినచో, దుర్వ్యసనపరుడని నిందించి దండింతురు. అలవాటు చేసినవారు వేరు, దండన అనుభవించువారు వేరు. ఇందు న్యాయ మెక్కడ?

మనస్సు విషయమున ఈ అన్యాయము మరింత సూక్ష్మము. మానసిక రుగ్మతలలో మూడింట ఒక వంతు 14 సంవత్సరముల వయస్సు లోపే ఆరంభమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. శరీరమునకు స్నానము వలె మనస్సునకును నిత్యము శుభ్రత కావలెను. అది బిడ్డ తన భయమును, అవమానమును, అసూయను నిస్సంకోచముగా చెప్పుకొనుటకు ఒకరుండుటచేత కలుగును. బడినుండి వచ్చిన బిడ్డను మార్కులెన్ని అని అడుగు ఇండ్లు పెక్కు, నేడు మనస్సునకు కష్టము కలిగినదా అని అడుగు ఇండ్లు కొన్ని. పొరుగింటివానితో పోల్చి బిడ్డను కించపరచుట కూడ ఒక దెబ్బయే. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము బడిలో బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. తెలుగునాట వసతిగృహములతో కూడిన కళాశాలలు కొన్నింట తెల్లవారకముందే లేపి రాత్రి పొద్దుపోవువరకు చదివించుట క్రమశిక్షణ అనిపించుకొనుచున్నది. నిద్ర, ఆట, మాట మూడును తీసివేసిన పిదప మిగులునది శిక్షణ కాదు, శిక్ష మాత్రమే. ఆ శిక్షకు రుసుము చెల్లించువారు తల్లిదండ్రులే అను సంగతి మరువరాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. తెల్లవారకముందే కూలికి పోయి చీకటిపడిన పిదప ఇల్లు చేరు తల్లికి, బిడ్డ దినచర్యను గూర్చి యోచించు తీరిక ఎక్కడిది? ఇది సత్యమైన ఆక్షేపణ. ఆమెను నిందించుట అధర్మము. కాని దానివలన ధర్మము లోపించదు, భుజము మారును. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ, సహాయక ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టవలెనని రాష్ట్రములను ఆదేశించుట ఇట్టి భుజము మార్పే. 2015 మొదలు ఏటేట నులిపురుగుల నివారణ దినమున బిడ్డలచేత మాత్ర మ్రింగించుటయు అట్టిదే. ఊరిలో ఆటస్థలము ఆక్రమణకు గురికాకుండ కాపాడుట, బడిలో నీరు, సబ్బు, మరుగుదొడ్డి ఉన్నవో లేవో విచారించుట ఆ ఊరి పెద్దల విధి. నీళ్ళు లేని బడిలో శుభ్రతను గూర్చి పాఠము చెప్పుట బిడ్డను హేళన చేయుటయే యగును.

మరియొక ఆక్షేపణ. పెద్దలు దోషరహితులైన గాని బిడ్డలకు ఏమియు చెప్పరాదా? అట్లయినచో లోకమున చెప్పువారే ఉండరు. కోరవలసినది పరిపూర్ణత కాదు, సహభాగిత్వము. వేళకు నిద్రింపలేని తండ్రి, "నాకును ఇది కష్టముగానే యున్నది, నేటినుండి రాత్రి 9 గంటలకు ఇద్దరము ఫోనులు బీరువాలో పెట్టుదము" అని చెప్పినచో, ఆ మాటలో ఆజ్ఞ లేదు, తోడు కలదు. ఒకనాడు తప్పినచో మరునాడు మరల ఆరంభించుట ఎట్లో బిడ్డ అప్పుడు నేర్చును. ఎన్నడును తప్పనట్లు నటించు తండ్రివద్ద ఆ విద్య లభింపదు.

కనుక బాలల దినచర్య వ్రాయదలచిన గృహస్థు ముందుగా ఒక కాగితమున తన దినచర్యను వ్రాయవలెను. తాను ఎప్పుడు లేచును, ఏమి తినును, ఎంత నడచును, కోపము వచ్చినప్పుడు ఏమి మాటలాడును అనునవి అందుండవలెను. తాను పాటింపలేని నియమము బిడ్డ పట్టికలో కనబడినచో, దానిని కొట్టివేయుటయో, తన పట్టికలోను చేర్చుటయో చేయవలెను. బిడ్డకు ఊహ తెలిసిన కొలది ప్రతి నియమమునకును కారణము చెప్పి, క్రమముగా ఆ పట్టికను బిడ్డ చేతికే అప్పగింపవలెను. పెద్దలు లేని యింట, ఎవరును చూడని వేళ, ఆ బిడ్డ తనంతట తానే చేతులు కడుగుకొని భోజనమునకు కూర్చున్ననాడు వారి శ్రమ ఫలించినట్లు.