అణకువ ఎవరిది?

"మీ సాయిబులు శానా అణకువైనోళ్లప్పా!"

మా ఐరాలలో టీ అంగడి దగ్గర ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మెచ్చుకోలే. అన్నవాళ్ల మనసులో కల్మషమూ లేదు. అయినా ఇంటికొచ్చాక ఆ మాట మమ్మల్ని గుచ్చుతుంది. అణకువ మేం ఎంచుకున్న గుణమా? మా మీద మోపిన షరతా?

ఇంగ్లీషులో గర్వం లేనివాణ్ణి 'హంబుల్' అంటారు. దాని మూలం లాటిన్‌లో 'హ్యూమస్', అంటే నేల. నేలకు దగ్గరగా, కిందుగా ఉన్నది 'హ్యూమిలిస్'. లాటిన్‌లో మనిషిని చెప్పే 'హోమో' కూడా ఈ మట్టికి చుట్టమేనంటారు భాషావేత్తలు. మా ఉర్దూలో 'ఖాక్‌సార్' అంటే మట్టిలాంటివాడు. పాత తరం వాళ్లు ఉత్తరం చివర తమను తాము అలా చెప్పుకునేవాళ్లు. మట్టి అంటే మాకు చిన్నతనం లేదు. ఆదమ్‌ను మట్టితోనే చేశాడని నమ్ముతాం. నీళ్లు దొరక్కపోతే శుభ్రమైన మట్టితోనే తయమ్ముమ్ చేసుకుని నమాజుకు నిలబడతాం.

కానీ అదే 'హ్యూమిలిస్' నుంచే 'హ్యుమిలియేషన్' కూడా పుట్టింది. అంటే అవమానం. ఉర్దూలో ఖాక్‌సారీ ఉంది, 'ఖాక్ మే మిలానా' కూడా ఉంది, మట్టిలో కలిపేయడం. తెలుగు మరీ సూటిగా చెబుతుంది. అణగడం నుంచి అణకువ, అణచడం నుంచి అణచివేత. వంగేది ఎవరు, వంచేది ఎవరు? తేడా అంతా అక్కడే ఉంది.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చినప్పుడు మేం పిల్లలం. బజారులో ఉర్దూ మాట్లాడొద్దు, ఎవరితోనూ వాదం పెట్టుకోవద్దు అన్నారు ఇంట్లో పెద్దలు. ఆ మౌనాన్ని కూడా ఊరు అణకువే అనుకుంది. అది అణకువ కాదు, భయం.

అయితే వేలు ఒకవైపే చూపిస్తే న్యాయం కాదు. నేను నిప్పు నుంచి పుట్టాను, మట్టి మనిషికి తలవంచనన్నాడు ఇబ్లీస్. ఖురాన్ చెప్పిన ఆ మొదటి గర్వం పుట్టుక గర్వమే. సయ్యదులం, పఠాన్లం అని చెప్పుకుంటూ దూదేకులవాళ్లతో వియ్యానికి వెనకాడిన మాలో ఇబ్లీసు లేడా? "పాపం, అణకువైనవాళ్లు" అని మేమూ వాళ్లను మెచ్చుకోలేదా?

సజ్దాలో నుదురు నేలకు ఆనించేది అల్లా ముందే. ఆనించినవాడు మళ్లీ లేస్తాడు. నమాజులో సజ్దా ఎంతో, నిటారుగా నిలబడే ఖియామ్ కూడా అంతే. మాకు కావలసిన అణకువ అది. లేచి నిలబడే హక్కు ఉన్నవాడు వంగితేనే వినయం.

ఈసారి టీ అంగడి దగ్గర ఆ మాట వినబడితే ఇలా అనాలనుకుంటున్నాం: "మంచిమాటే పెద్దాయనా. మేమూ అణకువగా ఉంటాం, మీరూ ఉండండి. అందరిదీ ఒకటే మట్టి కదా!"